రాత్రి పోసిన క్లోరిన్ తెల్లారేసరికి ఏమైపోతోంది?

సాయంత్రం స్విమ్మింగ్ పూల్‌లో రెండు లీటర్ల హైపో (సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) పోస్తారు. తెల్లారి క్లోరిన్ పరీక్ష కిట్‌లో నీళ్లు పట్టి చూస్తే రంగు రాదు. మళ్లీ పోస్తారు, మధ్యాహ్నానికి మళ్లీ సున్నా. మందులు అమ్మే షాపులో అడిగితే "డోసు చాలట్లేదండీ, ఇంకో క్యాన్ పట్టుకెళ్లండి" అంటారు. పెరట్లో పూల్ కట్టించుకున్నవాళ్లలో చాలామందికి వేసవంతా ఇలాగే గడిచిపోతుంది. ఇంకో క్యాన్ తెచ్చే ముందు తేల్చుకోవలసింది ఒకటే: క్లోరిన్ పగలు పోతోందా, రాత్రి పోతోందా? పగలు పోతే తినేది ఎండ. రాత్రి పోతే తినేది నీళ్లలోనో, గోడల మీదో, ఫిల్టర్ లోపలో ఉంది. రెండింటికీ వైద్యం వేరు. ఒకదాని మందు రెండోదానికి వాడితే డబ్బు నీళ్లలో పోసినట్టే, అక్షరాలా.

లెక్కలకి ఒక కొలత పెట్టుకుందాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒక పక్క 1 మీటరు, రెండో పక్క 1.5 మీటర్ల లోతు. సగటు లోతు 1.25. మూడూ గుణిస్తే 40 ఘనపు మీటర్లు, అంటే 40,000 లీటర్లు. అడుగుల్లో కొలిచినవాళ్లు ఘనపు అడుగుల్ని 28.3తో గుణిస్తే లీటర్లు వస్తాయి. కట్టినప్పుడు మేస్త్రీ చెప్పిన అంకె మీద ఆధారపడొద్దు. అది తవ్విన గోతి కొలతో, బయటి గోడల కొలతో అయ్యుంటుంది. లోపలి టైలు నుంచి టైలుకి, నీటి మట్టం నుంచి అడుక్కి టేపు పెట్టి మీరే కొలవండి.

40,000 లీటర్లలో 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్ పెరగాలంటే 40 గ్రాముల అసలు క్లోరిన్ పడాలి. 10 శాతం హైపో అయితే 400 మి.లీ. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 62 గ్రాములు. 56 శాతం ఎస్‌డీఐసీ (సోడియం డైక్లోరోఐసోసయన్యూరేట్) పొడి అయితే 71 గ్రాములు. 90 శాతం టీసీసీఏ (ట్రైక్లోరోఐసోసయన్యూరిక్ యాసిడ్) అయితే 44 గ్రాములు. మామూలు బ్లీచింగ్ పౌడర్ 33 శాతం అనుకుంటే 120 గ్రాములు. ఈ అయిదు అంకెల్నీ మీ పూల్ సైజుకి మార్చి పంపు రూమ్ గోడ మీద రాసి పెట్టుకోండి. "రెండు మగ్గులు", "నాలుగు గుప్పిళ్లు" లెక్కన మందు వేసేచోట క్లోరిన్ ఎందుకు పోతోందో ఎప్పటికీ తేలదు.

ముందు కిట్టునీ క్యాన్నీ అనుమానించండి

క్లోరిన్ అసలు పోకుండానే పోయినట్టు కనిపించే సందర్భాలు తక్కువేం కాదు.

పరీక్షకి వాడే, పసుపు రంగు వచ్చే ఓటీ (ఆర్థోటాలిడిన్) ద్రావణం చౌక. మంచినీళ్ల ట్యాంకుల దగ్గర క్లోరోస్కోపుతో చూసేది కూడా దాన్నే. కానీ అది మొత్తం క్లోరిన్ని చూపిస్తుంది. పనిచేసే ఫ్రీ క్లోరిన్ ఎంత, చెమటతోనో అమ్మోనియాతోనో కలిసిపోయి పనికిరాకుండా పోయిన కంబైన్డ్ క్లోరిన్ ఎంత అన్నది విడదీయదు. పూల్ దగ్గర ఘాటు వాసన వస్తే "క్లోరిన్ ఎక్కువైంది" అనుకుంటారు. ఆ ఘాటు సాధారణంగా ఈ కంబైన్డ్ క్లోరిన్‌ది. అంటే ఫ్రీ క్లోరిన్ చాలలేదని అర్థం.

గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రలు ఈ రెంటినీ విడదీస్తాయి. ఒకటో నంబరు మాత్ర ఫ్రీ క్లోరిన్. అదే నీళ్లలో మూడో నంబరు మాత్ర కూడా కరిగిస్తే మొత్తం. తేడాయే కంబైన్డ్. దీనికో లోపం ఉంది. క్లోరిన్ 10 పీపీఎం దాటితే గులాబీ రంగు ఒక్క క్షణం మెరిసి తెల్లబడిపోతుంది, ఒక్కోసారి అసలు రాదు. చూసినవాళ్లు సున్నా అనుకుని ఇంకో అయిదు లీటర్లు పోస్తారు. అనుమానం వస్తే ఒక వంతు పూల్ నీళ్లకి నాలుగు వంతులు ఆర్వో నీళ్లు కలిపి పరీక్ష చేసి, వచ్చిన అంకెని 5తో గుణించండి. చుక్కలు లెక్కపెట్టే ఎఫ్‌ఏఎస్-డీపీడీ కిట్ దొరికితే ఈ బాధ లేదు. 10 మి.లీ. నీళ్లలో గులాబీ పోయేదాకా చుక్కలు వేస్తే ఒక్కో చుక్క 0.5 పీపీఎం. రంగుల అట్టతో పోల్చి కళ్లు చికిలించనక్కర్లేదు. ఈ వ్యవహారంలో డబ్బు పెట్టదగ్గ వస్తువు ఇదొక్కటే అని మా అభిప్రాయం.

నీళ్లు పట్టడం కూడా పైపైన ముంచడం కాదు. పంపు కనీసం అరగంట తిరిగాక, నీళ్లు లోపలికొచ్చే నాజిల్‌కి దూరంగా, మోచేతి లోతున సీసా తలకిందులుగా ముంచి అక్కడ తిప్పి పట్టాలి.

ఇక క్యాను. హైపో ఎండకీ వేడికీ చచ్చిపోయే సరుకు. ఫ్యాక్టరీలో 12 శాతం ఉన్నది షాపు ముందు మే నెల ఎండలో నీలం క్యానులో నిలబడితే మీ ఇంటికొచ్చేసరికి ఎంత మిగిలిందో లేబులు చెప్పదు. గాఢత ఎంత ఎక్కువైతే అంత వేగంగా చెడుతుంది. కాబట్టి ఇంటికి తెచ్చాక సమానంగా మంచి నీళ్లు కలిపి నీడలో పెడితే ఎక్కువ రోజులు నిలుస్తుంది. అప్పుడు డోసు రెట్టింపు వేసుకోవాలన్న సంగతి మరిచిపోకండి. బ్లీచింగ్ పౌడర్ సంగతి ఇంకా దారుణం. మన తీరపు గాలిలో తేమకి విప్పిన బస్తా గడ్డకట్టి, వాసన పోయి, చివరికి సున్నం మిగులుతుంది. ఆ సున్నం పూల్‌లో వేస్తే పీహెచ్ పెరుగుతుంది, నీళ్లు పాలలా మారతాయి, టైళ్ల మీద తెల్ల పొర కడుతుంది. తప్పదనుకుంటే బకెట్లో కలిపి, తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయండి. మడ్డి పారెయ్యండి.

మందు బలం ఇంట్లోనే తెలుసుకోవచ్చు. 20 లీటర్ల మినరల్ వాటర్ టిన్ను ఒకటి తెచ్చి, మెడికల్ షాపు సిరంజితో సరిగ్గా 1 మి.లీ. హైపో వేసి, బాగా కలిపి, అయిదు నిమిషాలాగి పరీక్ష చెయ్యండి. హైపో నిజంగా 10 శాతమైతే 5 పీపీఎం చూపించాలి. రెండున్నర చూపిస్తే మీరు కొన్నది 5 శాతం సరుకు. చాలా "క్లోరిన్ నిలవట్లేదు" కేసులు ఈ టిన్ను దగ్గరే తేలిపోతాయి. ఆ నీళ్లు తర్వాత పూల్‌లోనే వంపెయ్యండి, తాగొద్దు.

ఒక్క రాత్రి పరీక్ష

కిట్టూ మందూ రెండూ సరైనవని తేలాక అసలు పరీక్ష. పొద్దుగూకిన గంటకి, పూల్ మీద వెలుగు పూర్తిగా పోయాక, క్లోరిన్ కనీసం 5 పీపీఎం ఉండేలా మందు వెయ్యండి. పంపు గంటసేపు తిప్పి, నీళ్లు పట్టి, ఫ్రీ క్లోరిన్ రాసుకోండి. రాత్రంతా పంపు తిరగనివ్వండి. ఎవరూ దిగకూడదు. టీసీసీఏ బిళ్లలు పెట్టి నీళ్ల మీద తేలించే ఫ్లోటర్ ఉంటే తీసి బకెట్ నీళ్లలో పెట్టండి, లేకపోతే రాత్రంతా క్లోరిన్ వదిలి లెక్క పాడుచేస్తుంది. తెల్లారగట్ల, ఎండ పొడ పడకముందే మళ్లీ కొలవండి. మన వైపు వేసవిలో అయిదున్నరకే వెలుగొచ్చేస్తుంది, అయిదు గంటలకి అలారం పెట్టుకోవడం మేలు.

తగ్గింది 1 పీపీఎం లోపు అయితే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టే. మీ దొంగ సూర్యుడు. 1 దాటితే, అందులోనూ కంబైన్డ్ 0.5 కంటే ఎక్కువుంటే, లోపల ఏదో తింటోంది. అయిదుకి అయిదూ పోతే పరీక్ష ఫలితం గురించి ఆలోచించనక్కర్లేదు. కానీ రాత్రంతా పోయిందా, వేసిన అరగంటలోనే పోయిందా అన్నది వేరే ప్రశ్న. దాని సంగతి అమ్మోనియా దగ్గర చెబుతాం.

పగలు పోతుంటే

నీళ్లలో స్టెబిలైజర్, అంటే సయన్యూరిక్ యాసిడ్, లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో క్లోరిన్ సగం పోవడానికి గంట కూడా పట్టదు. రెండు మూడు గంటల్లో దాదాపు అంతా పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు హైపోక్లోరైట్‌ని విరగ్గొట్టి ఉత్త ఉప్పుగా మార్చేస్తాయి. పీహెచ్ 8 వైపు పోయిన నీళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఆ స్థితిలో క్లోరిన్ ఎక్కువ భాగం ఎండని పట్టుకునే రూపంలో ఉంటుంది. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచమనేది అందుకు కూడా. హైపో, కాల్షియం హైపో, బ్లీచింగ్ పౌడర్ మాత్రమే వాడే పూల్‌లో స్టెబిలైజర్ దానంతటదే రాదు. విడిగా వెయ్యాలి.

ఎండపడే పెరటి పూల్‌కి 30 నుంచి 50 పీపీఎం చాలు. 40,000 లీటర్లలో 30 పీపీఎంకి 1.2 కిలోలు. ఇది నీళ్లలో కరగడానికి మొరాయించే పొడి. నేరుగా చల్లితే అడుగున పేరుకుని రోజుల తరబడి అలాగే పడుంటుంది. పాత నైలాన్ సాక్సులో పోసి మూతి కట్టి, నీళ్లు లోపలికొచ్చే నాజిల్ ముందు వేలాడదీసి, గంటకోసారి చేత్తో పిసకండి. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. పరీక్షలో పూర్తిగా కనిపించడానికి వారం పట్టొచ్చు, అప్పటిదాకా బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లో నీళ్లు వెనక్కి తిప్పి కడగడం) చెయ్యొద్దు. కొలిచేది గొట్టం అడుగున నల్ల చుక్క మాయమయ్యే పరీక్షతో. అది బయట పట్టపగటి వెలుతురులో, వీపు ఎండకి పెట్టి చూడాలి. రంగు కాగితపు స్ట్రిప్పులు దీనికి పనికిరావు.

విడి స్టెబిలైజర్ చిన్న ప్యాకెట్లలో శ్రీకాకుళం, విజయనగరం షాపుల్లో అన్నివేళలా దొరకదు. దొడ్డిదారి ఒకటుంది. టీసీసీఏలో బరువులో సగం పైన సయన్యూరిక్ యాసిడే. కొన్ని వారాలు హైపో మానేసి టీసీసీఏ 90 బిళ్లలు వాడండి. 200 గ్రాముల బిళ్లలు పదకొండు, అంటే 2.2 కిలోలు కరిగేసరికి 40,000 లీటర్లలో 30 పీపీఎం స్టెబిలైజర్ చేరిపోతుంది. అక్కడ ఆపి హైపోకి తిరిగి రావాలి. బిళ్లలు పులుపు సరుకు, పీహెచ్‌నీ, దాన్ని నిలకడగా ఉంచే ఆల్కలినిటీనీ దించుతాయి కాబట్టి వారానికోసారి అవి కూడా చూడండి. ఒక ముఖ్యమైన జాగ్రత్త: టీసీసీఏ పెట్టిన ఫ్లోటర్‌లోగానీ డబ్బాలోగానీ కాల్షియం హైపోని, బ్లీచింగ్ పౌడర్‌ని ఎప్పుడూ వెయ్యొద్దు. రెండూ తడిసి కలిస్తే మంట లేస్తుంది, పేలుతుంది కూడా. కొలిచే చెంచా కూడా దేనిది దానికే.

స్టెబిలైజర్ పెట్టాక క్లోరిన్ లెక్క మారిపోతుంది. చాలామంది జారిపడేది ఇక్కడే. స్టెబిలైజర్ క్లోరిన్ని ఎండ నుంచి దాచినట్టే పాచి మీద దాని దెబ్బని కూడా మెత్తబరుస్తుంది. 30 పీపీఎం ఉంటే క్లోరిన్ 4, 50 ఉంటే 6 దగ్గర నడపాలి. కనీసం స్టెబిలైజర్‌లో 7.5 శాతం కంటే కిందికి ఎప్పుడూ దిగనివ్వకూడదు. అంత చేసినా మండు వేసవిలో పగటికి 2 నుంచి 3 పీపీఎం పోవడం మామూలే. అది జబ్బు కాదు, రోజువారీ ఖర్చు. 40,000 లీటర్లకి రోజూ సాయంత్రం లీటరు అటూ ఇటూగా హైపో. పగలు పూల్ మీద కవరు కప్పగలిగితే ఇదీ తగ్గుతుంది.

బిళ్లలు ఆపకుండా ఏడాది పొడవునా వాడేవాళ్లది దీనికి తిరగబడ్డ కథ. రోజుకి 2.5 పీపీఎం చొప్పున మూడు నెలలు టీసీసీఏ మీదే నడిపితే 225 పీపీఎం క్లోరిన్ పడినట్టు, దాంతోపాటు 135 పీపీఎం స్టెబిలైజర్ చేరినట్టు. క్లోరిన్ తరిగిపోతుంది గానీ స్టెబిలైజర్ తరగదు. ఎండకి ఆవిరి కాదు, ఇసక ఫిల్టర్‌లో ఆగదు. అప్పుడు కిట్ 3 పీపీఎం చూపిస్తుంది, నీళ్లు మాత్రం పచ్చబడుతూనే ఉంటాయి. దీనికి మందు లేదు, నీళ్లు మార్చడమే. 120 నుంచి 40కి దించాలంటే మూడింట రెండొంతులు తీసి కొత్తవి పట్టాలి.

రాత్రి పోతుంటే

నూటికి తొంభై పాళ్లు ఇది పాచి. నీళ్లు పచ్చగా లేవు కదా అనకండి. కంటికి కనపడేంత పాచి పట్టకముందే అది క్లోరిన్ తినడం మొదలుపెడుతుంది. మన తీరం వైపు ఇంకో భ్రమ ఉంది. నీడ పడే గోడ మీద, మెట్ల మూలల్లో పసుపు గోధుమ రంగులో దుమ్ములా పట్టింది చూసి సముద్రం గాలికి వచ్చిన ఇసక అనుకుంటారు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలపండి. గరగరలాడితే ఇసక. జారితే ఆవపాచి. బ్రష్ తగలగానే పొగలా లేచి కాసేపటికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది.

తినేది నీళ్లలో ఉందా, పూల్ ఒంటికి పట్టి ఉందా? దీనికో బకెట్ పరీక్ష. 20 లీటర్ల బకెట్‌ని హైపో నీళ్లతో కడిగి, పూల్ నీళ్లు నింపి, సిరంజితో 2 మి.లీ. హైపో వేస్తే ఉన్నదాని మీద 10 పీపీఎం పెరుగుతుంది. అరగంటాగి ఒకసారి కొలిచి, మూత పెట్టి ఇంట్లో చీకట్లో ఉంచి, తెల్లారి మళ్లీ కొలవండి. అదే రాత్రి పూల్‌లో కూడా పరీక్ష పెట్టండి. రెండింట్లోనూ తగ్గితే నీళ్లదే తప్పు. బకెట్‌లో నిలిచి పూల్‌లో మాత్రమే పోతుంటే పాచి దాక్కున్న చోటు వెతకాలి.

దాక్కునే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. నీళ్లలోని లైటు వెనక గూడు మొదటిది. చాలా లైట్లకి గూడు లోపల కేబుల్ చుట్ట పెట్టి ఉంటుంది. మెయిన్ ఆపేసి, స్క్రూ విప్పి, లైటుని గట్టు మీదికి లాగి, వెనక బ్రష్‌తో రుద్దండి. నీటి పైని చెత్త లాగే స్కిమ్మర్ తలుపు వెనక వైపు, నిచ్చెన కాళ్లు దిగే గుంటలు, టైళ్ల మధ్య గ్రౌట్ ఊడిన సందులు, అడుగు మురికి పీల్చడానికి పెట్టి ఎప్పుడూ తెరవని వ్యాక్యూమ్ లైను కూడా చూడండి. ఆ వాల్వు తెరిచి అరగంట నీళ్లు నడిపిస్తే ఒక్కోసారి నల్లటి పీచు తెట్టెలు బయటికొస్తాయి. ఓవర్‌ఫ్లో రకం పూల్ అయితే చుట్టూ ఉన్న జాలీ కింది కాలువ, పొర్లిన నీళ్లు చేరే బ్యాలెన్సింగ్ ట్యాంకు తప్పనిసరిగా చూడాలి. మూత వేసిన ట్యాంకు కాబట్టి దాన్ని కట్టినప్పటి నుంచి ఎవరూ తెరిచి చూడరు. జీడిమామిడి పూత, వేపాకులు, కొబ్బరి పీచు, చచ్చిన కప్పలు అడుగున పులిసి ఉంటాయి. పైన మీరు పోసే క్లోరిన్ మొదట వెళ్లేది వాటికే.

ఇసక ఫిల్టర్ మరో పెద్ద పొట్ట. బ్యాక్‌వాష్ అయ్యాక ప్రెజరు గేజు మీద ఉన్న అంకె రాసి పెట్టుకోండి. దానికంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడే మళ్లీ బ్యాక్‌వాష్ చెయ్యాలి. చూసే గ్లాసులో నీళ్లు తేటగా వచ్చేదాకా చేసి, తర్వాత అరనిమిషం రిన్స్. అయినా ప్రెజరు తగ్గకపోతే, లేదా మురికి నీళ్లు తిరిగి పూల్‌లోకే వస్తుంటే, పంపు ఆపి పై మూత విప్పి ఇసకలో చెయ్యి పెట్టి చూడండి. వేళ్లకి గడ్డలు తగులుతాయి. తలకి కొబ్బరి నూనె, ఒంటికి నలుగు పెట్టుకుని దిగేచోట ఇసక జిగటగా ఉండలు కడుతుంది. వాటర్ హోసు ఇసకలోకి గుచ్చి, అడుగున ఉన్న లాటరల్స్‌కి (చీలికల గొట్టాలకి) తగలకుండా, పై మురికి పొర్లి పోయేదాకా కడగండి. ఉండలు విడిపోకపోతే ఇసక మార్చడమే.

ఇవన్నీ శుభ్రం చేశాక చంపే డోసు. ముందు యాసిడ్‌తో పీహెచ్ 7.2కి దించండి. క్లోరిన్ 10 దాటాక పీహెచ్ పరీక్ష నిజం చెప్పదు. తర్వాత స్టెబిలైజర్‌లో 40 శాతం లెక్కన క్లోరిన్ ఎక్కించాలి. స్టెబిలైజర్ 40 అయితే 16 పీపీఎం. సున్నా నుంచి మొదలుపెడితే 40,000 లీటర్లకి 6.4 లీటర్ల 10 శాతం హైపో. పోసి వెళ్లిపోతే పని జరగదు. రెండు మూడు గంటలకోసారి కొలిచి, తగ్గినంత మళ్లీ పోసి 16 దగ్గరే పట్టి ఉంచాలి. పంపు ఆగకూడదు, గోడలు రోజుకోసారి గట్టిగా రుద్దాలి. "షాక్ డోసు" అని వారానికోసారి ఒక క్యాను గుమ్మరించేవాళ్లు ఓడిపోయేది ఇందుకే. ఒక్క దెబ్బకి సగం పాచి చస్తుంది, మిగతా సగం తెల్లారేసరికి తేరుకుంటుంది. ఎన్ని రోజులు పడుతుందంటే మూడు సంగతులు ఒకేసారి కుదిరేదాకా: అడుగు స్పష్టంగా కనిపించాలి, కంబైన్డ్ 0.5కి మించకూడదు, రాత్రి పరీక్షలో 1 పీపీఎం కంటే ఎక్కువ పోకూడదు. రెండు కుదిరి మూడోది కుదరకపోతే ఆపొద్దు. వారంలో మొదటికొస్తుంది.

హైపో పోసే బకెట్‌లో యాసిడ్ కొలవడం, రెండు క్యాన్లూ ఒకే మూల పక్కపక్కన పెట్టడం మన పంపు రూముల్లో సర్వసాధారణం. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు. మూసిన గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. యాసిడ్ ఒక గోడకి, హైపో ఎదుటి గోడకి పెట్టండి. బకెట్లూ వేరు వేరు.

పోసిన పది నిమిషాల్లోనే పోతుంటే

అప్పుడది పాచి పని కాదు, అమ్మోనియా. ఫ్రీ క్లోరిన్ సున్నా, మొత్తం క్లోరిన్ మాత్రం బాగా కనిపిస్తుంది. వానాకాలంలో పూల్‌ని పట్టించుకోకుండా వదిలేసి, క్లోరిన్ లేని నీళ్లలో స్టెబిలైజర్ మిగిలి ఉంటే, కొన్ని రకాల సూక్ష్మజీవులు దాన్ని తిని అమ్మోనియాగా మార్చేస్తాయి. అందుకే దసరా ముందు తెరిచి చూస్తే స్టెబిలైజర్ మాయమై, క్లోరిన్ ఎంత పోసినా నిలవని పరిస్థితి వస్తుంది. రెండో దారి ఎరువు. గట్టు పక్క లాన్‌కి చల్లిన యూరియా, వానకి పొర్లి వచ్చిన పొలం నీళ్లు. మూడోది సెప్టిక్ ట్యాంకు ఊట. ఇది అనుమానమైతే క్లోరిన్ లెక్క పక్కన పెట్టి ముందు ఆ ట్యాంకు బాగు చేయించండి.

అమ్మోనియా కొలవడానికి మన జిల్లాల్లో ఉన్న సౌకర్యం రొయ్యల చెరువులు. తీరం పొడవునా ఆక్వా మందుల షాపుల్లో అమ్మోనియా కిట్లు దొరుకుతాయి. ల్యాబ్‌లో ఇస్తే అమ్మోనియా, నైట్రైట్, ఇనుము, కాఠిన్యం, ఆల్కలినిటీ అన్నీ కలిపి చూస్తారు. క్లోరిన్ పోయకముందు పట్టిన నీళ్లే ఇవ్వండి. ఒక పీపీఎం అమ్మోనియా నైట్రోజన్‌ని కాల్చెయ్యడానికి 8 నుంచి 10 పీపీఎం క్లోరిన్ ఖర్చవుతుంది. 40,000 లీటర్లకి ఒక పీపీఎంకి 4 లీటర్ల హైపో అన్నమాట. పద్ధతి ఇది: 10 పీపీఎంకి సరిపడా పోసి, పదిహేను నిమిషాలు తిప్పి కొలవండి. సగమైనా నిలవకపోతే మళ్లీ పోయండి. సగం నిలిచిన దగ్గర అమ్మోనియా అయిపోయినట్టు. అక్కణ్ణుంచి పైన చెప్పిన పాచి వైద్యం. అమ్మోనియా 3, 4 పీపీఎం దాటితే హైపో ఖర్చూ సగం నీళ్లు మార్చే ఖర్చూ పక్కపక్కన వేసి చూసుకోండి. చాలాసార్లు నీళ్లే చౌక.

బోరు నీటి మీద నింద

"మా బోరు నీళ్లలో ఇనుముందండీ, అదే తినేస్తోంది" అనే మాట తరచూ వింటాం. కొత్తగా నింపిన రోజున అది నిజమే. తేటగా ఉన్న నీళ్లు క్లోరిన్ పడగానే టీ డికాషన్ రంగుకి తిరిగితే అది ఇనుమే. కానీ ఒక మిల్లీగ్రాము ఇనుము తినే క్లోరిన్ 0.64 మిల్లీగ్రాములు మాత్రమే, అదీ ఒక్కసారే. లీటరుకి 2 మిల్లీగ్రాముల ఇనుమున్న నీళ్లతో పూల్ అంతా నింపినా మొత్తం పోయేది 1.3 పీపీఎం. రోజూ పోసే నీళ్ల సంగతి చూద్దాం. వేసవిలో రోజుకి 7 మి.మీ. ఆవిరైతే 32 చదరపు మీటర్ల పూల్‌కి 224 లీటర్లు, మొత్తంలో అర శాతం పైన. ఆ నీళ్లు లీటరుకి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ తిన్నా పూల్‌లో తగ్గేది 0.06 పీపీఎం. కిట్‌కి కూడా కనపడదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే బోరు, సెప్టిక్ ట్యాంకు పక్క నుయ్యి మాత్రం మినహాయింపు. అలాంటి నీళ్లు ముందు సంపులోకి షవర్‌లా పడేట్టు పట్టి, ఒక రాత్రి ఆగి, తేరాక వాడుకోవాలి.

అయితే రోజూ 224 లీటర్ల కంటే చాలా ఎక్కువ పడుతుంటే అది వేరే జబ్బు. లీకు. మెట్టు మీద పూల్ నీళ్లు నింపిన బకెట్ పెట్టి, లోపలా బయటా మట్టం గీత గీసి, ఒక రోజాగి చూడండి. బయటి గీత లోపలి గీత కంటే ఎక్కువ దిగితే నీళ్లు కారుతున్నాయి. వాటితో పాటు స్టెబిలైజర్ కూడా. ప్రతి నెలా స్టెబిలైజర్ వేసినా తగ్గిపోతోందనేవాళ్ల పూల్ కథ చాలాసార్లు ఇదే.

ఫాస్ఫేట్ రిమూవర్ సీసాలు కొనే ముందు ఒక మాట. ఫాస్ఫేట్ పాచికి తిండి, అంతే. క్లోరిన్ని అది తినదు. క్లోరిన్ సరిగ్గా నడుస్తున్న పూల్‌లో ఫాస్ఫేట్ ఎంతున్నా పాచి లేవదు.

వానలూ చుట్టాలూ

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి చుట్టాలు దిగి పదిమంది పిల్లలు మధ్యాహ్నమంతా పూల్‌లోనే ఉంటే ఆ ఒక్కరోజు తరుగుని చూసి కంగారు పడొద్దు. దిగేముందు ఒంటి మీద నాలుగు చెంబులు పోయించండి, ఆ సాయంత్రం కొలిచి 2, 3 పీపీఎం అదనంగా వెయ్యండి, మర్నాటి రాత్రి పరీక్ష పెట్టండి. నిలిస్తే సరే.

వాన నీళ్లు క్లోరిన్ని తినవు, పలచన చేస్తాయి. 100 మి.మీ. వాన సగటు లోతు 1.25 మీటర్ల పూల్‌లో 8 శాతం. మట్టం మించి పొర్లిపోతే అంతకంటే కొంచెం తక్కువ స్టెబిలైజర్ బయటికి పోతుంది. స్టెబిలైజర్ ఎక్కువైనవాళ్లకి ఇది ఉచితంగా దొరికే వైద్యం. వానకి ముందు పూల్ మట్టం ఒక అడుగు దించి, వాన నీళ్లు నిండనివ్వండి. అంతకుమించి దించొద్దు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, తుపానుల కాలంలో, తీరం ఇసక నేలల్లో భూగర్భ జలం పైకొచ్చేస్తుంది. అలాంటప్పుడు పూల్ ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి అడుగు పగులుతుంది, ఫైబర్ తొట్టె అయితే మొత్తంగా పైకి లేచిపోతుంది. పూర్తిగా నీళ్లు మార్చాల్సిన పని ఉంటే ఏప్రిల్, మే నెలలకి పెట్టుకోండి. తీసిన నీళ్లలో క్లోరిన్ సున్నా అయ్యాకే కొబ్బరి చెట్లకి పెట్టండి. చేపలున్న చెరువు వైపు మాత్రం అసలు వదలొద్దు.

తుపాను వచ్చి కరెంటు రెండు మూడు రోజులు రాదనుకున్నప్పుడు ముందురోజు సాయంత్రమే క్లోరిన్ 10 దాకా ఎక్కించి, పంపు మెయిన్ ఆపేసి, మోటారు తడవకుండా కప్పి ఉంచండి. కరెంటు లేని రోజుల్లో హైపోని బకెట్ నీళ్లలో కలిపి చుట్టూ తిరుగుతూ పోసి, పొడుగు బ్రష్‌తో కలియబెట్టినా సరిపోతుంది. గాలికి పడిన కొబ్బరాకులు మాత్రం ఆ రోజే తీసెయ్యండి, నానితే మూడో రోజుకి నీళ్లు కషాయం రంగుకి తిరుగుతాయి.